బ్రేకు బదులు క్లచ్ తొక్కిందట

నా గురించి ఆ మాట మొదటిసారి ఎముకల ఆసుపత్రి వరండాలో విన్నాను. లోపల మా అత్తమ్మ మణికట్టుకు పట్టీ వేస్తున్నారు. నా గడ్డానికి అప్పుడే నాలుగు కుట్లు పడ్డాయి. నోరు ఎక్కువ తెరవొద్దని నర్సు చెప్పి వెళ్లింది. మా మరిది ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"అమ్మకు చెయ్యి ఇరిగింది అన్నా. వదిననే నడుపుతుండె బండి. ఎత్తుగడ్డ దిగేకాడ గాబరా పడ్డట్టున్నది. బ్రేకు బదులు క్లచ్ తొక్కింది."

అతను ఆ బండిలో లేడు. ఆ రోడ్డు మీద కూడా లేడు. ఆ సమయానికి బీదరు గాంధీ గంజ్‌లో, అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపే పప్పుధాన్యాల దుకాణంలో కూర్చుని ఉన్నాడు. అయినా నా కాలు ఎక్కడ పడిందో అతనికి తెలుసు. పక్కనే మా ఆయన నిలబడి ఉన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. చెప్పులు బయట విడవమని గోడ మీద కన్నడంలో రాసిన బోర్డును ఆయన శ్రద్ధగా చదువుతున్నాడు.

నేను తొక్కింది బ్రేకే. ఒకసారి కాదు, నాలుగుసార్లు తొక్కాను.

ఆ జీపు మా మామది. పాత డీజిల్ బండి, గుడ్డ టాపు, నాలుగు చక్రాలూ లాగేది. వానాకాలంలో నల్లరేగడిలోకి ట్రాక్టరు తప్ప మరేదీ దిగలేని రోజుల్లో కూడా ఆయన అందులోనే చేనికి పోయేవాడు. నాకు నడపడం నేర్పింది కూడా ఆయనే. ఆయన పోయాక కొడుకులిద్దరూ దాన్ని ముట్టుకోలేదు. కాగితాలు అత్తమ్మ పేరు మీదికి మారాయి, తాళంచెవి నా చేతికి వచ్చింది. సెలవు దొరికిన రోజు అత్తమ్మను ఎక్కించుకుని, జహీరాబాదు వైపు సరిహద్దు దగ్గరున్న మా ఊరికి పోయి, కంది చేను చూసి వచ్చేవాళ్లం.

ప్రమాదానికి నెల ముందు నుంచే బ్రేకు పెడల్ లోపలికి పోతోంది. మా ఆయనకు చెప్పాను. "పాత బండి గట్లనే ఉంటది. రెండుసార్లు కొట్టి తొక్కు" అన్నాడు. వారం తర్వాత మళ్లీ చెప్పాను. "పెసర్ల సీజన్ నడుస్తాంది, ఇప్పుడు నన్ను సతాయించకు" అన్నాడు. మూడోసారి చెప్పినప్పుడు సరేనన్నాడు. రెండు రోజుల తర్వాత, "చూపిచ్చినవా?" అని అడిగితే, "ఆఁ, అయిపోయింది. ఇప్పుడు మంచిగున్నది" అన్నాడు. నిజంగానే పెడల్ పైకి వచ్చింది. నౌబాద్‌లో మా ఇంటికి దగ్గర్లోనే షెడ్డు ఉన్న మెకానిక్ మిస్త్రీకి చూపించాడనుకున్నాను. ఆ మిస్త్రీ మామ కాలం నుంచీ ఆ బండిని చూస్తున్నవాడే.

అది రెండో శనివారం, మా కాలేజీకి సెలవు. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. బీదరు ఎత్తు మీద ఉన్న ఊరు. బయటికి పోయే రోడ్డు గడ్డ అంచు నుంచి వంపులు తిరుగుతూ కిందికి దిగుతుంది. రెండో వంపు దగ్గర బ్రేకు మీద కాలు పెట్టాను. పెడల్ ఎక్కడా తగలకుండా అడుగుదాకా పోయింది, మెత్తగా, పిండిముద్దలో కాలు పెట్టినట్టు. మళ్లీ తొక్కాను. మళ్లీ. మళ్లీ. హ్యాండ్ బ్రేకు లాగితే బండి వణికింది తప్ప ఆగలేదు. మూడో గేరు నుంచి రెండో గేరులోకి బలవంతంగా తోశాను. ఇంజను అరిచింది, వేగం కొంత తగ్గింది. కింద మలుపులో బస్సు ఆగి ఉంది. జనం దిగుతున్నారు, గంపలు దింపుతున్నారు. ఒక ముసలాయన రోడ్డు మధ్యలో నిలబడి పంచె సర్దుకుంటున్నాడు. ఎడమవైపు, రోడ్డు కోసం తవ్విన ఎర్రమట్టి గట్టు.

"అత్తమ్మా, గట్టిగ పట్టుకో" అని స్టీరింగు తిప్పేశాను.

జనం మీదికి పోకుండా గట్టుకు కొట్టాను. ఆ పని తెలిసి చేశాను. ఆ రోజు నా గురించి ఎవరైనా ఒక్క మాట చెప్పాల్సి ఉంటే అది చెప్పాలి. బదులుగా నాకు దొరికింది క్లచ్ కథ.

ఆ కథకు కాళ్లొచ్చాయి. మా వీధిలో తిరిగింది, గంజ్‌లో తిరిగింది, జహీరాబాదులో మా అమ్మదాకా పోయింది. అమ్మ ఫోను చేసి, "ఎందుకు బిడ్డా నీకా బండి? ఆటోల పోరాదూ" అంది. వారం తర్వాత కాలేజీకి పోతే స్టాఫ్ రూములో ఒకాయన కొత్త కారు రంగుల కాగితం నా బల్ల మీద పెట్టాడు. "ఆటోమేటిక్ తీసుకోండి మేడమ్, క్లచ్ అనేదే ఉండదు." అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. గడ్డం లాగింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే మంటగా ఉంటుంది.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. పద్నాలుగేళ్లుగా రెండో సంవత్సరం పిల్లలకు ద్రవంతో పనిచేసే బ్రేకు బొమ్మ బోర్డు మీద గీస్తున్నాను. ఆ రోజు కూడా గీశాను. పెడల్, మాస్టర్ సిలిండర్, సన్నని పైపులు, చక్రం దగ్గర చిన్న సిలిండర్, దానిలో రబ్బరు గిన్నెలు. గీస్తుంటే సుద్దముక్క విరిగింది. వెనక్కి తిరిగితే అరవై కళ్లు నా గడ్డం మీది కుట్లను చూస్తున్నాయి. ఈ బొమ్మ ఇన్నేళ్లు గీశాను, ఒక్క నిజమైన బ్రేకును కూడా నా చేతులతో విప్పలేదు. ఆ సంగతి అప్పుడే నాకు గట్టిగా తగిలింది.

జీపును ట్రాక్టరుకు కట్టి తెచ్చి మా ఇంటి పక్క ఖాళీ జాగాలో పెట్టారు. మరిది ఒక పాత ఇనుము వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన బండి చుట్టూ తిరిగి బానెట్ మీద వేళ్లతో కొట్టి చూస్తున్నాడు. వరండాలో మంచం మీదున్న అత్తమ్మ కుడిచెయ్యి మెడకు వేలాడుతోంది. అక్కడి నుంచే అరిచింది.

"ఏయ్, ఎవరది? అది నా బండి. అమ్మేది లేదు, పో."

"అమ్మా, అది ఇగ నడువదే" అన్నాడు మరిది.

"నడవకుంటే కోళ్లు పెంచుకుంట అందుల. నీకేంది?"

దసరా సెలవులు రాగానే మొదలుపెట్టాను. జాకీ, స్టాండ్లు, పానాలు, పెద్ద సుత్తి. కొన్ని కాలేజీ వర్క్‌షాపు నుంచి అడిగి తెచ్చుకున్నాను, మిగతావి కొన్నాను. పాత చుడీదారు వేసుకుని, జుట్టు ముడిచి కిందకు దూరాను. మా ఆయన పొద్దున దుకాణానికి పోతూ గేటు దగ్గర ఆగి చూశాడు.

"ఏం జేస్తున్నవ్?"

"బ్రేకు ఎందుకు పోయిందో చూస్తున్న."

"అయిపోయింది గదా. ఎందుకు మల్ల తవ్వుడు?"

జాకీ ఇంకొంచెం లేపాను. ఆయన గొంతులో ఏదో తొందర ఉంది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

వెనక ఎడమ చక్రం ఊడదీశాను గానీ, దాని వెనక బ్రేకును మూసి ఉండే డ్రమ్ము రాలేదు. తుప్పు పట్టి కరుచుకుంది. చుట్టూ సుత్తితో కొట్టాలి. కొట్టాను. ఒక్కో దెబ్బకు ఒక్కో ముఖం గుర్తు తెచ్చుకున్నాను. స్టాఫ్ రూము ముఖం, ఫోనులో మాట్లాడే ముఖం. దారిన పోయే ఒక పెద్దమనిషి ఆగి, "మేడమ్, ఎవరన్న మొగోళ్లను పిలువాల్నా?" అన్నాడు. సుత్తి పట్టుకునే తలెత్తి చూశాను. ఆయన వెళ్లిపోయాడు.

మూడో రోజుకు డ్రమ్ము వచ్చింది. లోపల బ్రేకు షూల మీద నల్లని తడి. చిన్న సిలిండరు విప్పి, రబ్బరు గిన్నెలు బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. అవి నానబెట్టిన శనగల్లా ఉబ్బి, మెత్తబడి, అంచులు వంకర తిరిగి ఉన్నాయి. పాతబడిన రబ్బరు గట్టిపడుతుంది, పగులుతుంది. ఇలా ఉబ్బదు. మిగతా మూడు చక్రాలూ విప్పాను. అన్నీ అలాగే ఉన్నాయి. మాస్టర్ సిలిండరులోదీ అంతే.

బ్రేకు ఆయిల్ పోసే డబ్బాలో అడుగున మిగిలిన ద్రవాన్ని సిరంజితో లాగి వంటింట్లోకి పోయాను. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి అందులో నాలుగు చుక్కలు వేశాను. బ్రేకు ఆయిల్ అయితే నీళ్లలో కలిసిపోవాలి. ఇది కలవలేదు. గోధుమరంగు వలయాలుగా పైన తేలింది. అత్తమ్మ నా వెనకే వచ్చి నిలబడింది.

"ఏందది?"

"ఇంజన్ ఆయిల్, అత్తమ్మా. బ్రేకుల డబ్బాల ఎవరో ఇంజన్ ఆయిల్ పోసిండ్రు. దానికే రబ్బర్లు ఉబ్బి బ్రేకు పోయింది."

అత్తమ్మ గ్లాసును చాలాసేపు చూసింది.

ఉబ్బిన రబ్బర్లు ఒక కవరులో వేసుకుని, చేతులు కూడా కడుక్కోకుండా మిస్త్రీ షెడ్డుకు నడిచాను. అక్కడ నలుగురైదుగురు తమ బండ్ల కోసం నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందూ కవరు అతని బల్ల మీద కుమ్మరించాను.

"ఏం మిస్త్రీవి నువ్వు? బ్రేకుల ఏం పొయ్యాల్నో తెల్వదా? బస్సు కాడ జనముండె. ఎవరి పాణాలన్న పోతే నువ్వు తెస్తుంటివా?"

ఇంకా చాలా అన్నాను. కొన్ని ఇక్కడ రాయలేను. అతను నాకంటే చిన్నవాడు. పానా కింద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ఒక రబ్బరు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను అలసిపోయి ఆగేదాకా చూశాడు.

"అయిపోయిందా అక్కా? ఇప్పుడు నా మాట వినుర్రి. మీ బండి నా షెడ్డుకు రాక ఎనిమిది నెలలాయె."

"అబద్ధం. పోయిన నెలల మా ఆయన తెచ్చిండు."

"తేలేదక్కా. ఖసమ్, ఒట్టేసి చెప్తున్న. బండి తేలేదు. యాక్సిడెంట్ అయినంక మూడో దినం సారు ఒక్కడే నడుసుకుంట వచ్చిండు. 'బ్రేకు డబ్బాల ఇంజన్ ఆయిల్ పోస్తే ఏమైతది' అని అడిగిండు. 'అరె సాబ్, రబ్బర్లు ఉబ్బి బ్రేకు ఫెయిల్ అయితది, ఎవరు పోసిండ్రు' అన్న. సారు ఏం చెప్పకుంట పోయిండు."

షెడ్డులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. అతన్ని ఎంత గట్టిగా తిట్టానో అంతే గట్టిగా, అదే మనుషుల ముందు, తప్పు నాదే అని చెప్పాను. "మాఫీ గీఫీ నక్కో అక్కా" అన్నాడు, క్షమాపణలేమీ వద్దంటూ. "ఆ మాస్టర్ సిలిండర్ పారేయుర్రి. పాతదాన్ల ఒకటే లైను. ఒక్కకాడ పోతే నాలుగు చక్రాలు పోతయి. రెండు లైన్లది వేసుకుందురు." నేను తల ఊపి బయటపడ్డాను.

ఇల్లు అయిదు నిమిషాల నడక. ఆ అయిదు నిమిషాల్లో నా కోపం చల్లబడుతుందనుకున్నాను. గడ్డకట్టింది.

ఆ మధ్యాహ్నం మరిది కూడా భోజనానికి వచ్చాడు. అన్నం వడ్డించాను. పెరుగు గిన్నె పెట్టాను. ఆ పక్కనే నూనె తేలుతున్న స్టీలు గ్లాసు పెట్టాను. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తమ్మ ముందు మా ఆయనను 'మీరు' అనే పిలిచాను. ఆ రోజు అది నోట్లోంచి రాలేదు.

"బ్రేకు డబ్బాల ఇది పోసింది నువ్వేనా?"

"నాకేం తెలుసు?"

"మిస్త్రీ దగ్గరికెళ్లి వస్తున్న."

ఆయన చెయ్యి అన్నంలో ఆగిపోయింది. "నువ్వే గదా రోజూ పెడల్ పెడల్ అని నా ప్రాణం తీసినవ్? డబ్బాల చూస్తే ఆయిల్ తక్కువుండె. దుకాణం ముంగట లారీ ఆగి ఉండె, డ్రైవర్‌ను అడిగితే డబ్బా ఇచ్చిండు. పోసిన. ఆయిల్ ఆయిలే అనుకున్న. కావాల్నని చేసిన్నా?"

"పోసినవ్, తెల్వక పోసినవ్. దానికి నేనేమంట? మూడో దినం నీకు తెలిసింది. ఆన్నుంచి ఇయ్యాల్టిదాక మీ తమ్ముడు ఊరంత చెప్పుకుంట తిరుగుతుంటే నీ పక్కన కూసొని విన్నవ్. మా అమ్మ నన్ను ఆటోల పొమ్మన్నది. నాకు నేనే అనుమానపడ్డ. నిజంగ క్లచ్చే తొక్కిన్నేమో అని, మంచం మీద పండుకొని కాలు కదిలిచ్చి చూసుకున్న. నువ్వు పక్కనే పండుకున్నవ్."

అత్తమ్మ ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటోంది. చెంచా కంచంలో పెట్టింది.

"నా చెయ్యి ఇరిగినందుకు నాకు కోపం లేదురా" అంది కొడుకుతో. "ఈ చెయ్యి పడ్డకాడినుంచి నా జుట్టు దువ్వుతున్నది ఈ పిల్లనే. అందరు దీన్ని అంటుంటే నువ్వు పెరుగు పోసుకొని కడుపునిండ తిన్నవ్." నావైపు తిరిగింది. "నేను గూడ నమ్మిన బిడ్డా. పక్కనే కూసున్న. నువ్వు బ్రేకు మీద కాలు కొట్టుడు నా కండ్లతోని చూసిన. వీళ్లందరు అంటుంటే, నేనే తప్పు చూసిన్నేమో అనుకున్న."

ఆమె ఆ మాట చెప్పకపోయినా బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. ఈ ఇంట్లో ఒక్కరైనా నన్ను నమ్మారని నెలరోజులుగా అనుకుంటున్నాను.

మరిది లేవబోయాడు. "కూసో" అన్నాను. "ఎవరెవరికి చెప్పినవో వాళ్లందరికి ఫోన్ జెయ్. ఈడ్నే కూసొని జెయ్." చేశాడు. మొదటి ఫోనులో గొణిగాడు. "గట్టిగ చెప్పు" అంది అత్తమ్మ. జహీరాబాదుకు మా ఆయన చేశాడు. మా అమ్మతో ఆయన ఏం చెప్పాడో పూర్తిగా వినలేదు. వంటింట్లోకి పోయి కంచాలు కడిగాను. అవసరమైన దానికంటే గట్టిగా కడిగాను.

తర్వాతి రెండు నెలల ఆదివారాలన్నీ ఆ జీపు కిందే గడిచాయి. మొదట పాడైనదాన్ని బాగు చేస్తే చాలనుకున్నాను. పని సాగేకొద్దీ పాతది పాతగా ఉంచబుద్ధి కాలేదు. రెండు లైన్ల మాస్టర్ సిలిండరు పెట్టాను. ఒక లైను పోయినా రెండోది పట్టుకుంటుంది. పాదం బలాన్ని పెంచే బూస్టరు పెట్టాను. దానికి కావలసిన గాలి లాగే పంపు కోసం ఆల్టర్నేటరు కూడా మార్చాల్సి వచ్చింది. ముందు చక్రాలకు డ్రమ్ములు తీసేసి డిస్కులు వేశాను. పైపులన్నీ కొత్తవి. ముందు సీట్లకు బెల్టులు. బ్రాకెట్లు వెల్డింగు చేయడం నాకు చేతకాదు. మిస్త్రీ వచ్చి చేసి, నేను బిగించిన ప్రతి నట్టూ పానాతో మళ్లీ చూసుకుని, "పక్కా ఉన్నది అక్కా" అన్నాడు.

చివరగా పైపుల్లోని గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర చిన్న మర విప్పి గాలి బుడగలు పోయేదాకా చూడాలి. ఆ ఆదివారం మా ఆయన గేటు దగ్గర తచ్చాడుతున్నాడు.

"నేను తొక్కనా?" అన్నాడు.

"వద్దు."

అత్తమ్మ అప్పటికే చీర కుచ్చెళ్లు ఎత్తి చెక్కి, ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని జీపు ఎక్కుతోంది. "నా చెయ్యే ఇరిగింది, కాలు మంచిగనే ఉన్నది. ఏది తొక్కాల్నో చూపియ్యి."

నేను వెనక ఎడమ చక్రం దగ్గర పడుకుని కేక వేశాను.

"తొక్కు అత్తమ్మా!"

"తొక్కిన!"

"పట్టుకో!"

"పట్టుకున్న. ఎంతసేపు?"

మర విప్పితే దానికి తగిలించిన గొట్టంలోంచి బుడగలు సీసాలోకి బుసబుసమని పడ్డాయి. బిగించాను. "వదులు!"

"వదిలిన!"

నాలుగు చక్రాలకూ అలా తిరిగాను. మధ్యలో ఒకసారి నేను చెప్పకముందే వదిలేసింది. గాలి మళ్లీ లోపలికి పోయింది. నేను విసుక్కుంటే, "నాకు కోపం రాదనుకున్నవా? అరువకు, సక్కగ చెప్పు" అని తిరిగి అరిచింది. మళ్లీ మొదటి నుంచి చేశాం. మధ్యాహ్నానికి ఆమె కాలి కింద పెడల్ కదలడం మానేసింది.

"రాయి లెక్క అయ్యింది బిడ్డా" అంది పైనుంచి. నేను బండి కిందే పడుకుని కాసేపు కళ్లు మూసుకున్నాను.

మరుసటి వారం ఒక్కదాన్నే ఆ రోడ్డు దిగాను. రెండో వంపు దగ్గర, వెనక ఎవరూ లేరని చూసుకుని బ్రేకు తొక్కాను. బండి ముక్కు కిందికి వంచి నిలబడిపోయింది. మలుపులో బస్సు లేదు. ఎర్రమట్టి గట్టు మీద మేము చేసిన గుంట ఇంకా ఉంది.

బండి రిజిస్ట్రేషన్ పొడిగింపుకు రవాణా ఆఫీసులో చూపించాల్సి వచ్చినప్పుడు అత్తమ్మ కాగితాల మీద సంతకం పెట్టింది. మా ఆయన కన్నడం నాకంటే బాగా మాట్లాడతాడని ఆయననూ రమ్మన్నాను. ఇన్‌స్పెక్టరు కిందికి వంగి డిస్కులు చూశాడు, బూస్టరు చూశాడు. లేచి మా ఆయనతో, పని ఎవరి దగ్గర చేయించారని అడిగాడు. నేను పానా పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాను.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అవరన్నే కేళి సార్" అన్నాడు, ఆమెనే అడగండి అని. అక్కడితో ఆగి ఉండవచ్చు. ఆగలేదు. "చెడగొట్టింది నేను. బాగు చేసింది ఆమె" అని కూడా కన్నడంలోనే చెప్పాడు. వరసలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఇది ఆయనను నేను అడగలేదు. పానాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగి ప్రశ్నలు వేశాడు. జవాబులు చెప్పాను.

తిరుగు ప్రయాణంలో ఆయన నా పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. నౌబాద్ దగ్గర ఒక ఆటో అడ్డం వస్తే ఆయన కుడికాలు తనంతట తానే కింది రేకును గట్టిగా తొక్కింది.

"ఆడ బ్రేకు లేదు" అన్నాను.